లాడాలు పీకించాను, గుర్రం నిప్పుల మీద నడిచినట్టు నడుస్తోంది

మొయినాబాద్_రవి | మార్చి 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

మా దగ్గర ఒక మార్వాడీ ఆడగుర్రం ఉంది. పేరు చుక్కి, ఏడేళ్లు. రెండేళ్ల కింద బరాత్‌లకు తిప్పే ఒకాయన దగ్గర కొన్నాం. ఇప్పుడు మా ఎకరంన్నర తోటలో ఉంటుంది, ఆదివారాలు నేను, మా అమ్మాయి ఎక్కి చెరువు కట్ట దాకా వెళ్లొస్తాం. అంతకుమించి పని లేదు. ఆరు వారాలకోసారి లాడాలు మార్పిస్తూ వచ్చా. ఈ మధ్య లాడాలు లేకుండా గిట్టను సహజంగా పెంచే పద్ధతి గురించి వీడియోలు తెగ చూసి, పోయిన ఆదివారం నాలుగూ పీకించేశాను.

ఎర్రమట్టిలో బాగానే ఉంది. గేటు దగ్గర కంకర మీదికి రాగానే ఒక్కో కాలూ ఎత్తి ఎత్తి, నిప్పుల మీద వేసినట్టు వేస్తోంది. నిన్న అసలు గేటు దాకా రానంది. లాడాలు కొట్టే ఆయన "నేను ముందే చెప్పిన" అంటున్నాడు. మా నాన్న రెండు రోజులుగా నాతో మాట్లాడట్లేదు.

మళ్లీ కొట్టించాలా, ఓపిక పట్టాలా?

---

గుర్రంపిచ్చి_22 | మార్చి 2, రాత్రి 10:05

అస్సలు వెనక్కి వెళ్లొద్దు అన్నా! అడవిలో గుర్రాలకి లాడాలు ఎవరు కొడతారు? దేవుడు ఇచ్చిన గిట్ట సరిపోతుంది. రెండు మూడు వారాలు నొప్పి ఉంటుంది, తర్వాత రాయిలా అవుతుంది. నేను చూసిన వీడియోలన్నిట్లో ఇదే చెప్పారు.

---

పాతబస్తీ_యూసుఫ్ | మార్చి 2, రాత్రి 11:20

పిచ్చి భాయ్, అడవిల గుర్రం మూడు డీజే డబ్బాల నడుమ సిమెంటు రోడ్డు మీద రెండు గంటలు ఆడదు. పెండ్లికొడుకును మోయదు. గా సంగతి వీడియోల చెప్పిండ్రా?

మా ఇంట్ల మూడు తరాల నుంచి నాల్బంద్ పనే, అంటే లాడాలు కొట్టుడు. లాడం తప్పు కాదు, ఒప్పు కాదు. చెప్పులసొంటిది. కావాల్నంటే వేస్కో, వద్దంటే వద్దు. కానీ పీకుడుకు ఒక పద్ధతి ఉంది. రవి భాయ్, ముందు నాకు ఇది చెప్పు: పీకేటప్పుడు మేకుల మడతలు ఆకురాయితో రాకి తీసిండా, లేక పటకారు పెట్టి ఒక్కసారే గుంజిండా? మడత తియ్యకుండ గుంజితే గిట్ట గోడ పెచ్చులు పెచ్చులు లేస్తది. లాడం వెనకనుంచి వదులు చేస్కుంట, మధ్యలకు వంచుకుంట రావాలె. పక్కకు మెలితిప్పితే కీలు గుంజుతది.

ఇంకోటి. పీకినంక అంచు గుండ్రంగ రాకిండా? పదును అంచు ఉంటే రాయి తగలంగనే చీలుతది. అన్నిటికన్న ముఖ్యం, కత్తితోని అరికాలు చెక్కిండా? చానామంది "సాఫ్ చేస్తున్న" అని తెల్లగ మెరిసే దాకా చెక్కుతరు. చూడనీకి మస్తుగ ఉంటది. మనిషి అరికాలు తోలు ఒలిచి కంకర మీద నడిపించినట్టే అది.

---

పశువైద్యుడు_తిరుపతి | మార్చి 3, ఉదయం 6:50

యూసుఫ్ గారు అడిగినవన్నీ సరైన ప్రశ్నలు. నావి మరికొన్ని.

1. నొప్పి నాలుగు కాళ్లలోనా, ముందు కాళ్లలోనే ఎక్కువా?
2. నిలబడినప్పుడు ముందు కాళ్లు ముందుకు చాపి, బరువు వెనక్కి వేసుకుంటోందా?
3. గిట్టకి కాస్త పైనున్న కీలుకి వెనక, రెండు పక్కలా వేలితో మెల్లగా నొక్కి చూడండి. అక్కడ నాడి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రంలో అది దొరకడమే కష్టం. సులభంగా దొరికి, వేలి కింద కొడుతుంటే గిట్టలో వాపు ఉన్నట్టు.
4. రోజంతా ఏం తింటుంది? "దాణా" అని ఒక్క మాటలో కాదు. ఏ గింజ, ఎన్ని కిలోలు, ఎన్ని పూటలు, ఏ గడ్డి, బెల్లం పెడుతున్నారా, అన్నీ రాయండి.
5. గిట్టని పక్కనుంచి ఒక ఫోటో, కాలు ఎత్తి అడుగుభాగం ఒక ఫోటో పెట్టండి.

లాడం తీసిన మొదటి వారాల్లో కొంత సున్నితం ఉండటం మామూలే. కానీ మెత్తటి నేల మీద తిరుగుతున్న గుర్రం వారంలోపే గేటు దాకా కూడా రానంటే, కారణం లాడం తీయడం ఒక్కటే అని నేననుకోను. లాడం దాచిపెట్టినదేదో ఇప్పుడు బయటపడి ఉండొచ్చు.

---

మొయినాబాద్_రవి | మార్చి 3, మధ్యాహ్నం 1:15

డాక్టర్ గారూ, ముందు కాళ్లలోనే ఎక్కువ. కాళ్లు చాపి నిలబడుతోంది, ఎండకి అలసట అనుకున్నా. నాడి చూశాను, వెతకాల్సిన పనే లేదు, టక్ టక్ అని తెలుస్తోంది.

మేత: పొద్దున కిలోన్నర ఉలవలు ఉడకబెట్టి, అందులో రెండు కిలోల గోధుమ తవుడు, పిడికెడు బెల్లం. సాయంత్రం మళ్లీ అంతే. పక్కతోట వాళ్లకి డెయిరీ ఉంది, వాళ్ల దగ్గర సూపర్ నేపియర్ గడ్డి ముక్కలు కొట్టించి తెస్తాం, ఎంత తింటే అంత. రాత్రి పాకలో కట్టేస్తాం. గుర్రం మంచి ఒళ్లు చేసింది, మెడ పైన గట్టిగా దిమ్మలా వచ్చింది, అందరూ మెచ్చుకుంటారు.

యూసుఫ్ భాయ్, ఆయన పటకారు పెట్టి గుంజాడు. అరికాలు కూడా చెక్కాడు, నేనే "నీట్‌గా చెయ్యి" అన్నా.

ఫోటోలు పెట్టాను. అడుగున అంచు లోపల తెల్ల గీత ఉండే చోట ఎర్రగా మరకలా ఉంది. అదేంటి?

---

పశువైద్యుడు_తిరుపతి | మార్చి 3, మధ్యాహ్నం 2:30

రవి గారూ, చర్చ తర్వాత. ముందు ఈ పూట నుంచే ఉలవలు, తవుడు, బెల్లం పూర్తిగా ఆపండి. కంకర మీద నడిపించకండి, ఎక్కకండి. పాకలో ఇసుకో పొట్టో మందంగా వేయండి. గిట్టలు వేడిగా ఉంటే ఐసు నీళ్ల బకెట్లలో కాళ్లు పెట్టించండి. గుర్రాలు చూసే వైద్యుణ్ణి ఇవాళే పిలిపించి ముందు కాళ్ల గిట్టలకి ఎక్స్‌రే తీయించండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల మీకు దగ్గరే. నొప్పి మాత్రలు ఎవరో చెప్పారని వేయకండి.

నాకు కనిపిస్తున్నది లామినైటిస్. కొత్తగా వచ్చింది కాదు. గిట్ట గోడ మీద వలయాల్లాంటి గీతలు, మడమ వైపు వెడల్పుగా, ముందు వైపు దగ్గరగా ఉన్నాయి చూడండి. అవి కొన్ని నెలల చరిత్ర. గిట్ట గోడనీ లోపలి ఎముకనీ పట్టి ఉంచేది ఆకుల్లా పొరలు పొరలుగా ఉండే కణజాలం. అది వాచి సాగితే అంచున తెల్ల గీత వెడల్పవుతుంది, రక్తపు మరక కనిపిస్తుంది. ఇంకా ముదిరితే ఎముక కిందికి తిరిగిపోతుంది. మెడ మీద దిమ్మ అందం కాదు, కొవ్వు. ఇన్సులిన్ లెక్క తప్పిన గుర్రాలకి అలా వస్తుంది.

మీ గుర్రం 350 నుంచి 400 కిలోలు ఉంటుందనుకుందాం. ఒక పూటకి పిండిపదార్థం ఆ బరువులో కిలోకి ఒక గ్రాము మించకూడదంటారు, అంటే 400 గ్రాముల లోపు. ఆదివారం మాత్రమే పని చేసే గుర్రానికి మీరు రెండు పూటలా అంతకంటే చాలా ఎక్కువే పెడుతున్నారు.

---

మొయినాబాద్_రవి | మార్చి 3, రాత్రి 11:50

వైద్యుడు వచ్చి చూశారు. ఎక్స్‌రే తీశారు. రెండు ముందు కాళ్లలోనూ ఎముక కొద్దిగా తిరిగింది, అరికాలు మందం ఒక కాలికి 7 మి.మీ. మాత్రమే ఉంది. టెటనస్ టీకా ఎప్పుడు వేశారని అడిగారు, నా దగ్గర జవాబు లేదు, వేశారు. ఇప్పుడు రెండు బకెట్ల ఐసుతో పాకలోనే కూర్చున్నా. చుక్కి తల నా భుజం మీద పెట్టి నిలబడింది. నాన్న మాట్లాడాడు. "ఐసు ఇంకా కావాల్నా" అన్నాడు.

---

పాతబస్తీ_యూసుఫ్ | మార్చి 4, ఉదయం 7:10

7 అంటే చానా పల్చన. 15 దగ్గర ఉంటే ఫికర్ లేకుండె. గా చెక్కినోడు ఎవడో నాకు తెల్వద్దు, తెలిస్తే కొట్లాట అయితది.

---

లక్ష్మి_టెక్సాస్ | మార్చి 4, ఉదయం 8:45

రవి గారూ, ధైర్యంగా ఉండండి. మేం హ్యూస్టన్‌కి గంట దూరంలో ఉంటాం, నాకు రెండు గెల్డింగులు (వృషణాలు తీసిన మగగుర్రాలు) ఉన్నాయి. ఏడేళ్ల కిందట సరిగ్గా మీరు చేసిన తప్పే చేశాను. మీది తవుడు, నాది తీపి దాణా, అంతే తేడా.

వీడియోల్లో చెప్పనిది ఒకటుంది. ఈ పద్ధతికి ఊపు తెచ్చినవాళ్లలో ఒకరు జైమీ జాక్సన్. ఆయన మొదట లాడాల పనివాడే. 1982 నుంచి 1986 దాకా అమెరికా గ్రేట్ బేసిన్ ఎడారి ప్రాంతంలో అడవి గుర్రాల గిట్టలు పరిశీలించాడు. ఆ గిట్టలు పొట్టిగా, అంచు గుండ్రంగా, గట్టిగా ఉన్నాయి. అందరికీ ఆ గిట్ట ఫోటో నచ్చింది. ఆ గిట్ట వెనక ఉన్న ఎండు గడ్డి, రాతినేల, రోజంతా నడక, ఇవి ఎవరికీ నచ్చలేదు, ఎందుకంటే అవి కష్టం. మనం లాడం ఒక్కటి తీసేసి మిగతాదంతా అలాగే ఉంచి, గిట్ట మారలేదేమని అడుగుతాం.

నా రెండింట్లో ఒకదానికి 11 నెలలు పట్టింది. ఇప్పుడు కంకర మీద పరిగెత్తుతుంది. రెండోదానికి గిట్ట గోడే పల్చన, ఎంత చేసినా ఒప్పలేదు, ముందు కాళ్లకి లాడాలు వేయించాను. బాధపడ్డాను గానీ గుర్రం మాత్రం సుఖంగా ఉంది.

ఇక్కడ హ్యూస్టన్ పోలీసు గుర్రాలు లాడాలు లేకుండానే నగరం రోడ్ల మీద డ్యూటీ చేశాయి. కాబట్టి తారు రోడ్డు మీద అసాధ్యం అనను. కానీ వాటి వెనక ఒక వ్యవస్థ ఉంది, మనలాగా ఆదివారం వీడియో చూసి సోమవారం చేసింది కాదు.

గడ్డి మాటకొస్తే, ఇక్కడ అందరూ పెట్టే కోస్టల్ బర్ముడా అంటే మన గరిక జాతే. వినాయకుడి గరిక! ఎండబెట్టిన గరిక దొరికితే అదే బంగారం. నీళ్లలో అరగంట, గంట నానబెట్టి నీళ్లు పారబోసి పెట్టండి, చక్కెర కొంత కారిపోతుంది. మీ ఎండలకి అంతకుమించి నాననివ్వకండి, పులుస్తుంది. తాగే నీళ్లు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంచండి, సన్నటి ఎండు గరిక పేగులో ఉండకట్టి కడుపునొప్పి తెచ్చిన సందర్భాలు ఇక్కడ ఉన్నాయి.

---

పశువైద్యుడు_తిరుపతి | మార్చి 4, సాయంత్రం 5:20

లక్ష్మి గారి మాటకి ఒకటి కలుపుతాను. "అడవి గుర్రం గిట్టే ఆదర్శం" అనేది కూడా పూర్తి నిజం కాదు. న్యూజిలాండ్‌లో కైమనావా అడవి గుర్రాల గిట్టలు పరీక్షిస్తే లోపాలు బోలెడు కనిపించాయి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు అడవి గుర్రాలకి జీపీఎస్ కట్టి చూశారు, రోజుకు సగటున 16 కి.మీ. దాకా తిరుగుతున్నాయి. వాటిలోనూ లామినైటిస్ జాడలు దొరికాయి. అడవి వైద్యశాల కాదు. కుంటేది అక్కడే చస్తుంది, మనకి కనిపించేది మిగిలినవే.

ఇక సూపర్ నేపియర్ గురించి. ఇది మన దగ్గర ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను. అది పాడి పశువుల కోసం పెంచేది. అందులో ఆక్సలేట్లు ఎక్కువ. ఆవు పెద్దపొట్టలో సూక్ష్మజీవులు వాటిని ముందే విరగ్గొడతాయి. గుర్రానికి ఆ పొట్ట లేదు. దాని సూక్ష్మజీవులు పేగు చివర్లో ఉంటాయి, క్యాల్షియం పీల్చుకునేది చిన్నపేగులో. అంటే ఆక్సలేటు క్యాల్షియాన్ని పట్టుకుపోయాక గానీ సూక్ష్మజీవుల చేతికి చిక్కదు. దీనికి తోడు గోధుమ తవుడు నిండా ఫాస్ఫరస్. రెండూ కలిస్తే శరీరం ఎముకల్లోంచి క్యాల్షియం తోడుకుంటుంది. ముదిరితే మొహం ఎముకలు ఉబ్బుతాయి, తల పెద్దదిగా కనిపిస్తుంది. పూర్వం పిండిమరల దగ్గర తవుడు తిని పెరిగిన గుర్రాలకి వచ్చేదని దానికి మిల్లరు జబ్బు అనే పేరుంది. మన ఊళ్లలో తవుడు పెట్టడం ప్రేమకి గుర్తు. ఆ ప్రేమ తగ్గించండి.

పచ్చజొన్న కూడా వద్దు. గుర్రాలకి మూత్రాశయం, వెనక కాళ్లు దెబ్బతినే జబ్బు వస్తుంది.

ఎండు గరిక రోజుకి 6, 7 కిలోలు, చిన్న చిన్న వాయిదాల్లో. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది, రాత్రంతా ఖాళీగా కట్టేస్తే పుండ్లు పడతాయి. పక్కన కిలో లోపు లూసర్న్ మేత (అల్ఫాల్ఫా) క్యాల్షియం కోసం. ఉప్పు గడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. రాగి, జింకు ఉన్న ఖనిజ మిశ్రమం మీ వైద్యుడు చెప్పిన మోతాదులో.

---

గుర్రంపిచ్చి_22 | మార్చి 4, రాత్రి 9:00

సారీ అన్నా, నేను వీడియోలే చూశా, నా దగ్గర గుర్రం లేదు 🙏 డాక్టర్ గారూ ఒక డౌటు. మా మామయ్యకి షాద్‌నగర్ దగ్గర కోళ్ల ఫారం ఉంది. కోళ్ల దాణాలో ప్రోటీన్, మినరల్స్ అన్నీ ఉంటాయి కదా, తవుడు బదులు అది కొంచెం పెట్టొచ్చా?

---

పశువైద్యుడు_తిరుపతి | మార్చి 4, రాత్రి 9:04

వద్దు!! పిడికెడు కూడా వద్దు. కోళ్ల దాణాలో కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు రాకుండా మోనెన్సిన్ లాంటి మందులు కలుపుతారు. కోడికి ఏమీ కాని మోతాదు గుర్రం గుండె కండరాన్ని చంపేస్తుంది, విరుగుడు లేదు. కోళ్ల ఫారం పక్కన గుర్రం ఉన్నవాళ్లు దాణా బస్తాలు తాళం వేసి ఉంచండి. ఒకే మిక్సర్లో గుర్రం దాణా కలపకండి.

అడిగినందుకు మెచ్చుకుంటున్నాను బాబూ. అడగకుండా పెట్టేవాళ్లే ఎక్కువ.

---

కొండదారి_పాడేరు | మార్చి 6, ఉదయం 6:15

మాది పాడేరు దాటి లోపల. మా అయ్య కాలం నుంచి గుర్రాలున్నాయి. రోడ్డు లేని ఊళ్లకి బియ్యం, ఉప్పు ఎక్కించడానికి, కాఫీ, మిరియాలు సంతకి దించడానికి గుర్రమే. ఏ గుర్రానికీ లాడం లేదు, ఎప్పుడూ లేదు. చిన్న గుర్రాలు, గట్టి గిట్టలు. రాళ్లల్లోనే పుట్టి, పిల్లప్పటినుంచి తల్లి వెనకాల రాళ్లల్లోనే నడుస్తాయి. కొండ మీద గడ్డి తింటాయి, గింజ పండక్కే.

అయితే ఏటంటే, ఇదంతా బాగుందని రాయట్లేదు. వానాకాలం మూడు నెలలు బురదే, గిట్ట అడుగున కుళ్లి వాసన వస్తుంది. బరువు ఎక్కువ ఎక్కించి వీపు పుండ్లు చేసేవాళ్లున్నారు. ఇప్పుడు మా ఊరికి సిమెంటు రోడ్డు పడింది. నడక అంతే, బరువు అంతే, గానీ గిట్ట పెరిగేదానికన్నా ఎక్కువ అరిగిపోతోంది. పోయినేడు ఒకదానికి అరికాలే నేలకి తగిలింది. రోడ్డు వస్తే గుర్రానికి సుఖం అనుకున్నాం.

---

పాతబస్తీ_యూసుఫ్ | మార్చి 6, రాత్రి 10:40

పాడేరు అన్న చెప్పింది నూటికి నూరు కరెక్టు. గిట్ట నెలకు 6 నుంచి 10 మి.మీ. పెరుగుతది. అరుగుడు గంతకన్న ఎక్కువైతే లాడం కావాలె, తక్కువైతే రాకాలె. లెక్క గంతే. మీరు దీన్ని మతం చేస్తున్నరు.

లక్ష్మి మేడం, మీరు బూట్ల గురించి రాస్తరేమో అని చూసిన. రాయలేదు, మంచిగైంది. లాడం బదులు గిట్టకు తొడిగే గుర్రపు బూట్లు ఈడ దొరకయి, తెప్పిస్తే మా దగ్గరికొచ్చే మనిషికి నెల సంపాదన. పెండ్లిళ్ల సీజన్ల గుర్రం ఒక్క రాత్రికి మూడు బరాత్‌లు చేస్తేనే ఏడాదంత దాని మేత ఎల్లేది. నెలలకు నెలలు గుర్రాన్ని కూసోబెట్టు అంటే ఆయన ఏం తినాలె, గుర్రం ఏం తినాలె? సహజంగ పెంచుడు తోట ఉన్నోళ్లకు. లాడం రోడ్డు మీద బతికెటోళ్లకు.

---

లక్ష్మి_టెక్సాస్ | మార్చి 7, ఉదయం 7:30

యూసుఫ్ గారూ, బూట్ల గురించి సగం రాసి తీసేశాను, సరిగ్గా మీరు చెప్పిన కారణంతోనే. మీ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి అడుగుతాను: సీజన్ లేని నెలల్లో, ఆషాఢంలో, మూఢాల్లో, ఆ గుర్రాలకి లాడాలు తీసి గిట్టని విప్పుకోనిచ్చే అలవాటు మీ దగ్గర ఉందా?

---

పాతబస్తీ_యూసుఫ్ | మార్చి 7, మధ్యాహ్నం 12:10

మా తాత కాలంల ఉండె. జట్కాలు నడిచినప్పుడు కూడ వానాకాలం కొన్ని దినాలు తీసి ఇడిసెటోళ్లు. ఇప్పుడు ఎవరు తీస్తలేరు. తీస్తే మళ్ల కొట్టనీకి పైసల్ కావాలె గద. కానీ మంచి మాట అడిగిండ్రు మేడం.

---

సాగరతీరం_వైజాగ్ | మార్చి 9, రాత్రి 8:25

మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. మా రెండు గుర్రాలు బీచ్‌లో పిల్లల్ని తిప్పుతాయి. ఇసుకలో లాడం అక్కర్లేదు, నిజమే. కానీ పాక నుంచి బీచ్‌కి మూడు కిలోమీటర్ల తారు రోడ్డు. ముందు కాళ్లకి మాత్రం లాడాలు ఉంచి వెనక తీసేస్తే తేడా వస్తుందా? ఒకాయన గిట్టలకి పాత ఇంజను ఆయిలు రాయమన్నాడు, రాస్తున్నాం.

---

పశువైద్యుడు_తిరుపతి | మార్చి 9, రాత్రి 9:50

ముందు మాత్రమే ఉంచడం చాలామంది చేసేదే. గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే పడుతుంది. వెనకవి తీసి ఆరు వారాలు చూడండి, రోడ్డు మీద అరుగుదల గమనించండి.

ఇంజను ఆయిలు ఇవాళే ఆపండి. కిరోసిన్, ఫార్మలిన్ కూడా. మైలుతుత్తం పొడి నేరుగా చల్లితే కుళ్లుతో పాటు బతికున్న కణజాలాన్నీ కాలుస్తుంది. గిట్ట అడుగున నల్లటి కుళ్లు, దుర్వాసన ఉంటే రోజూ పుల్లతో శుభ్రం చేసి ఆరనివ్వడమే సగం వైద్యం. సందుల్లోకి లోతుగా దిగితే వైద్యుడికి చూపించి, పల్చటి మందు.

---

మొయినాబాద్_రవి | ఏప్రిల్ 13, సాయంత్రం 6:30

ఆరు వారాలైంది, రాస్తానని రాయలేదు, క్షమించండి.

నాడి తగ్గింది. మెడ మీద దిమ్మ మెత్తబడింది. వికారాబాద్ వైపు ఒక రైతు పొలం గట్ల గరిక కోసి ఎండబెట్టి ఇస్తున్నాడు. మొదట ఆయన నవ్వాడు, "కలుపు కొంటవా సారూ" అని. మిగిలిపోయిన ఉలవలు నలభై కిలోలు ఉన్నాయి, మా అమ్మ వారానికి రెండుసార్లు ఉలవచారు పెడుతోంది. ఇంట్లో అందరూ చుక్కిని తిట్టుకుంటూ తింటున్నారు.

అసలు సంగతి ఏంటంటే, యూసుఫ్ భాయ్ మా తోటకి వచ్చారు. నేను పిలవలేదు, ఫోను నంబరు అడిగి శుక్రవారం నమాజు అయ్యాక బండి మీద వచ్చేశారు. రెండు గంటలు ఉన్నారు. మొదటి అరగంట ఏమీ చేయలేదు, చుక్కి నడక చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఎడమ ముందు కాలు తొడల మధ్య పెట్టుకుని అడుగున బొటనవేలితో మెల్లగా నొక్కుతూ పోయారు, ఒక చోట చుక్కి చెవులు వెనక్కి వెళ్లగానే ఆపి "ఈడ" అన్నారు. కత్తి బయటికి తీయలేదు. ఆకురాయితో ముందు భాగం అంచు మాత్రం వెనక్కి రాకారు. పొడి మొత్తం ఆయన గడ్డం మీద. అరికాలు ముట్టలేదు. మధ్యలో వి ఆకారంలో ఉండే మెత్తటి దాన్ని ఫ్రాగ్ అని వీడియోల్లో అంటారు కదా, ఆయన పుత్లీ అన్నారు. "లాడం ఉన్నన్ని దినాలు ఇది నేలకు తగల్లేదు, అందుకే ఎండిపోయింది, ఇప్పుడు తగలనియ్" అన్నారు.

రెండో కాలు నాతో రాకించారు. నా చేతులు వణికాయి. చుక్కి మాత్రం నిద్రపోయింది.

పైసలు తీసుకోలేదు. నాలుగు వారాలకోసారి వస్తానన్నారు. అప్పుడు తీసుకుంటారట.

---

గుర్రంపిచ్చి_22 | ఏప్రిల్ 13, రాత్రి 7:02

యూసుఫ్ భాయ్ బేర్‌ఫుట్ ట్రిమ్మర్ (లాడం లేని గిట్టలు రాకేవాడు) అయిపోయారు 😄

---

పాతబస్తీ_యూసుఫ్ | ఏప్రిల్ 13, రాత్రి 11:30

పిచ్చి భాయ్, పేరు ఏదైనా పెట్టు. మా తాత దీన్ని రాకుడు అనెటోడు.

---

మొయినాబాద్_రవి | జులై 21, రాత్రి 8:10

రెండు విషయాలు.

ఒకటి, గిట్ట పైన వెంట్రుకల అంచు నుంచి కొత్త గోడ దిగుతోంది. పాత గోడ బయటికి వాలి ఉంటే కొత్తది నిటారుగా, నున్నగా, వలయాలు లేకుండా ఉంది. రెండూ కలిసే చోట వేలితో తడిమితే మెట్టులా తగులుతుంది. మా అమ్మాయి ప్రతి ఆదివారం స్కేలు పెట్టి కొలిచి గోడ మీద రాస్తోంది. ఇప్పటికి 41 మి.మీ.

రెండు, వానలు మొదలయ్యాక వెనక ఎడమ కాలు పుత్లీ సందులో నల్లగా, కుళ్లిన వాసన. పాడేరు అన్న చెప్పింది మాకూ వచ్చింది. పాక ముందు నేల ఎత్తు చేసి మొరం పోయించాను. అది చాలదనిపిస్తోంది.

---

లక్ష్మి_టెక్సాస్ | జులై 22, ఉదయం 7:55

ఎకరంన్నర ఉంది కదా, మొత్తం వదిలేయకుండా చుట్టూ కంచె వెంట పది పన్నెండు అడుగుల దారిలా కట్టేయండి. గడ్డి ఒక మూల, నీళ్లు ఇంకో మూల, ఉప్పు మూడో మూల పెట్టండి. రోజంతా తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో నేల మీకు గరిక పెంచుకోడానికి మిగులుతుంది. తోడుకి ఇంకో గుర్రం లేకపోతే కనీసం మేక. నా పెద్దదానికి ఒక మేకే ప్రాణం.

---

పశువైద్యుడు_తిరుపతి | జులై 22, రాత్రి 9:15

నీళ్ల తొట్టి చుట్టూ రాళ్లు పరచండి. ఇదేం కొత్త ఆలోచన కాదు. రమారమి 2,400 ఏళ్ల కిందట గ్రీసులో జెనొఫన్ అనే అశ్వికుడు, గిట్టలు గట్టిపడటానికి పాక బయట నాలుగైదు బళ్ల గుండ్రాళ్లు పోయించమని రాశాడు. అప్పట్లో వాళ్లకి మేకులు కొట్టే లాడాలు లేవు మరి. కానీ మీ గుర్రం అరికాలు మందం మళ్లీ కొలిపించాకే రాళ్లు, ముందు సన్నటి గులకతో మొదలుపెట్టండి.

---

మొయినాబాద్_రవి | నవంబర్ 9, సాయంత్రం 5:45

మళ్లీ ఎక్స్‌రే తీయించాం. అరికాలు 7 ఉన్నది 14 అయింది. కొత్త గోడ నేలకి ఇంకా వేలు వెడల్పు దూరంలో ఉంది. కంచె వెంట దారి కట్టాం, తొట్టి చుట్టూ గులకరాళ్లు పోశాం, ఒక మేకని తెచ్చాం. మేక లూసర్న్ దొంగతనం చేస్తోంది.

గేటు దగ్గర కంకర మీద నిన్న చుక్కి తనంతట తనే వచ్చి నిలబడింది. పరుగు కాదు, వేగం కూడా కాదు. వచ్చి నిలబడింది అంతే. నాన్న చూసి లోపలికెళ్లి రెండు క్యారెట్లు తెచ్చాడు. ఒకటే పెట్టనిచ్చాను.

ఇంకా ఎక్కట్లేదు. డాక్టర్ గారు సంక్రాంతి దాకా ఆగమన్నారు.

---

సాగరతీరం_వైజాగ్ | నవంబర్ 9, రాత్రి 8:00

సంతోషం రవి గారూ. మాది కూడా చెప్తాను. వెనక లాడాలు తీశాక ఒక గుర్రం బాగుంది, రెండోదానికి రోడ్డు అరుగుదల తట్టుకోలేక మళ్లీ వేయించాం. ఇంజను ఆయిలు మానేశాం.

---

పాతబస్తీ_యూసుఫ్ | నవంబర్ 9, రాత్రి 11:15

లక్ష్మి మేడం, మీరు అప్పుడు అడిగింది యాదికుంది. ఈ ఆషాఢంల మా గల్లీల నాలుగు గుర్రాలకు లాడాలు తీసి ఇడిసినం, ఇరవై దినాలు. మళ్ల కొట్టుడు నేను ఫిరీగ చేసిన. ఇద్దరు ఓనర్లు ఒప్పుకున్నరు, మిగతోళ్లు తిట్టిండ్రు.

రవి భాయ్, శుక్రవారం వస్తున్న. ఆకురాయి పాతదైంది, కొత్తది కొని పెట్టు. మేకను కట్టేసి ఉంచు, పోయినసారి నా టోపీ తిన్నది.